బొట్టు లేని యంత్రం

అన్నీ చూసేవాడు, మనం చూడక వదిలేసినవాటిని కూడా చూసేవాడు, మన తెలివి చాలని చోట ఇంకొకరి మంచితనాన్ని అడ్డం పెట్టి కాపాడేవాడు అయిన ఆ నారాయణునికి ముందుగా నా నమస్కారం. నాకు చేతినిండా పని ఇచ్చాడు. పనిలో నాకంటే మంచి మనుషులను తోడిచ్చాడు. తప్పు చేసిన రోజున దాన్ని పైకి చెప్పే గొంతు కూడా ఆయనే ఇచ్చాడు. ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను బాగా చేసిన పనులు చెప్పమంటే రెండు మూడు ఉన్నాయి, కానీ వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను తయారుచేసిన ఒక జాబితాలో ఒక్క వస్తువు తప్పిపోయింది. దానివల్ల ఒక పెద్దమనిషి ముప్పై ఏళ్లుగా నిలుపుకున్న పేరు, ఆ పేరుతోపాటు ఆయన కొలువు, ఒక్క పూటలో పోబోయాయి. ఆ సంగతి చెబుతాను.

మాది కోస్తా నుంచి వచ్చి చిలకలగూడలో స్థిరపడిన కుటుంబం. మా నాన్నగారు పగలు రైల్వేలో గుమాస్తా, సాయంత్రం గుళ్లో పురాణం చదివేవారు. నాకు అక్షరాలు వచ్చింది మొదలు ఆయన పక్కన కూర్చుని చదవడం అలవాటు. పెళ్లయ్యాక కూడా శనివారం సాయంత్రం పారాయణ గోష్ఠి మానలేదు. పదిమందిమి గుండ్రంగా కూర్చుంటాం, ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. నాకు తెలిసిన క్రమశిక్షణ అంతా అక్కడిదే. ఉద్యోగం నేర్పింది దాని తర్వాతే.

టెలిఫోన్ శాఖలో ఇరవై ఏళ్లు చేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, సికింద్రాబాద్‌లోనే ఒక చిన్న సంస్థలో చేరాను. ఇంటర్నెట్‌లో రాబోయే మార్పులను ముందే చూసి వ్యాపారస్తులకు చెప్పడం, వాళ్ల చేత సర్దుబాట్లు చేయించడం మా పని. కార్డు గీసే మిషన్, సరుకు బండి ఎక్కడుందో చెప్పే పెట్టె, కెమెరా, బిల్లు కొట్టే కంప్యూటరు, ఇవన్నీ ఏదో ఒక దారిన బయటి ప్రపంచంతో మాట్లాడతాయి. ఆ దారులు పాతబడతాయి. కంపెనీలు పాత దారిని మూసేసి కొత్తది వేస్తాయి. మూసే ముందు నోటీసు ఇస్తాయి. ఆ నోటీసు ఎవరూ చదవరు. చదివి, ఎవరికి ఏం ఆగిపోతుందో ఆరు నెలల ముందే చెప్పడానికి మేమున్నాం.

ఏ కొట్టుకు వెళ్లినా మొదటి జవాబు ఒకటే. “ఇప్పుడైతే నడుస్తున్నది గదమ్మా.” నడుస్తున్నదాన్ని ఆపి మార్చమనే మనిషిని ఎవరు ఇష్టపడతారు? పెళ్లికి గొడుగు తెచ్చినవాణ్ని చూసినట్టు చూసేవారు. వాన కురిసిన రోజున మాత్రం టీ ఇచ్చేవారు.

నాతో కలిసి తిరిగే సహోద్యోగి భీమవరం వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్న, చురుకైన ఇంజనీరు. దేవుడి విషయంలో ఆయనది “ఇంకా ఆలోచిస్తున్నానండి” అనే పద్ధతి. కొట్టుకు వెళ్లగానే ల్యాప్‌టాప్ తెరిచి ఆ నెట్‌వర్క్‌లో ఎన్ని యంత్రాలున్నాయో లెక్క తీసేవాడు. నాకు వేరే పద్ధతి ఉండేది. దసరాకి ఆయుధ పూజ నాడు ఈ ఊళ్లో ఏ కొట్టులోనైనా కుంకుమ భరిణె పట్టుకుని ఎవరో ఒకరు మూలమూలకూ తిరుగుతారు. త్రాసు, తాళం, జనరేటరు, బండి, దేన్నీ వదలరు. యజమాని మరిచిపోయిన యంత్రాన్ని కూడా ఆ వేలు మరిచిపోదు. అందుకని నేను కొత్త కొట్టులో లెక్కకు వెళ్లాలంటే దసరా వెళ్లిన వారంలో వెళ్లేదాన్ని. బొట్టు ఉన్న ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది ఎవరితో మాట్లాడుతుంది అని అడిగి రాసుకునేదాన్ని.

ఆయన ల్యాప్‌టాప్ పద్నాలుగు చూపిస్తే నా బొట్లు పంతొమ్మిది చూపించేవి. బీరువా వెనక పడి ఉన్న మోడెమ్, మెట్ల కింద కెమెరా పెట్టె, పాత గోదాములో ఒంటరిగా వెలుగుతున్న యంత్రం, అన్నిటికీ బొట్లుండేవి. మా సంస్థలో దీనికి కుంకుమ ఆడిట్ అని పేరు పెట్టారు. మొదట వెక్కిరింతగానే పెట్టారు. తర్వాత కొత్తగా చేరినవాళ్లకు మా యజమానే దాన్ని నేర్పేవాడు. నాకు గర్వంగా ఉండేది. భక్తిలోంచి వచ్చిన ఉపాయం కాబట్టి ఆ గర్వం కూడా భక్తే అనుకున్నాను. పిల్లలూ, అక్కడే జారాను.

రాంగోపాల్‌పేట్‌లో ఒక మందుల టోకు వ్యాపారి ఉండేవాడు. మూడంతస్తుల పాత మేడ. తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబం. పెద్దాయన పేరుకు మాత్రమే కూర్చునేవాడు, వ్యవహారమంతా కొడుకుది. వాళ్లు మందుల దుకాణాలకూ ఆసుపత్రులకూ సరఫరా చేసేవాటిలో ముఖ్యమైనవి చల్లగా ఉంచవలసిన మందులు. ఇన్సులిను, టీకాలు. వాటికోసం కింది అంతస్తు వెనకవైపున పెద్ద చల్లని గది ఉంది. దాని బాధ్యత చూసే మనిషిని అందరూ చాచా అనేవారు. అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి. ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

ఆ ప్రాంతంలో పాత తరం మొబైల్ సిగ్నల్‌ను తీసేస్తారని మాకు ముందే తెలిసింది. దసరా వెళ్లిన మూడో నాడు ఆ మేడలో లెక్కకు దిగాం. ఆ ఇంటి కోడలే బొట్లు పెట్టిందట, చాలా శ్రద్ధగా. పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చాను. చివరికి చల్లని గది తలుపు దగ్గర ఆగాను. తలుపు మీద బొట్టు లేదు. పక్కనున్న చిన్న అరుగు మీద చాచా నమాజు చాప పరుస్తున్నాడు. ఒకరు దేవుడి ముందు నిలబడుతుంటే పలకరించడం మా ఇంట్లో పెద్ద తప్పు. చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాను. బొట్టు లేదంటే లోపల మా లెక్కలోకి వచ్చే యంత్రమేదీ ఉండదనుకున్నాను. తర్వాత వద్దామనుకున్నాను. వెళ్లలేదు.

ఆరు నెలలు కష్టపడ్డాం. కార్డు మిషన్లు మార్పించాం, డెలివరీ బండ్లలో పెట్టెలు మార్పించాం, గోదాము కెమెరాలకు కొత్త దారి వేయించాం. కొడుకు ప్రతిదానికీ “ఇది సుత మార్చాల్నా మేడమ్?” అని విసుక్కున్నాడు గానీ మార్చాడు. ఒక గురువారం సిగ్నల్ పోయింది. ఆ వీధిలో నాలుగైదు కొట్లలో కార్డు మిషన్లు ఆగిపోయి జనం పరేషాన్ అయ్యారు. మా వాళ్ల మేడలో ఒక్కటి కూడా ఆగలేదు. కొడుకు ఫోన్ చేసి, ఈసారి మీరు చెప్పింది నిజమైందమ్మా అన్నాడు. శనివారం గోష్ఠిలో నేను ఈ కథంతా చెప్పుకున్నాను. స్వామి దయ అన్నాను. నా మనసులో మాత్రం సగం నా దయే.

సోమవారం పొద్దున మళ్లీ ఆ కొడుకే ఫోన్ చేశాడు. గొంతు వేరేగా ఉంది. ఒకసారి రండి, కోల్డ్ రూములో ఏదో అయింది, అందులో మీ ఇంటర్నెట్ సంగతి ఏమైనా ఉందేమో చూడండి అన్నాడు.

మేం వెళ్లగానే కొట్టులోవాళ్లు జరిగింది చెప్పారు. ఆదివారం సెలవు. ఆ రోజు కరెంటు పోయి వచ్చినప్పుడు చల్లని గది యంత్రం మళ్లీ తిరగలేదు. పొద్దున తలుపు తీసేసరికి లోపల వెచ్చగా ఉంది. ఉన్న ఇన్సులిను, ఉన్న టీకాలు, ఏవీ ఇక మనిషికి ఇవ్వడానికి పనికిరావు. ఆ వారం వాటికోసం ఎదురుచూసే దుకాణాలూ ఆసుపత్రులూ ఉన్నాయి.

అప్పుడు తెలిసింది నాకు. ఆ గదిలో ఒక పెట్టె ఉంది. వేడి హద్దు దాటితే ఇంటర్నెట్ ద్వారా కబురు పంపి చాచా ఫోన్‌నూ కొట్టులో ఉన్న పాత ల్యాండ్‌లైనునూ మోగిస్తుంది. అది రాకముందు చాచా ప్రతి ఆదివారం రెండు పూటలా బోయిన్‌పల్లి అవతల నుంచి వచ్చి గది చూసి వెళ్లేవాడు. ఆ పెట్టె పెట్టించిన రోజున పెద్దాయన, ఇక ఐతారం నీది అని చెప్పాడట. అప్పటినుంచి ఆదివారం ఆయనకు మనుమరాలి రోజు.

కొడుకు నిలబడి మాట్లాడుతున్నాడు. చాచా కూడా నిలబడే ఉన్నాడు. పెద్దాయన కుర్చీలో తల వంచుకుని ఉన్నాడు.

“ఇన్నేండ్లు మోగిన ఫోను నిన్ననే ఎందుకు మోగలే చాచా? మనుమరాలి ఫంక్షన్ అన్నరు గద. సైలెంట్‌ల పెట్టి మరిచిన్రేమో.”

“ఫోన్ రాలే సాబ్. వస్తే రాకుంట ఉంటనా నేను?”

చాచా తన ఫోను తీసి చూడమని చెయ్యి చాపాడు. కొడుకు దానివైపు చూడలేదు. వచ్చిన కాల్ నంబరును ఫోనులోంచి తీసేయడానికి ఎంతసేపు పడుతుంది అన్నాడు. ఆ మాటకు చాచా చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత మెల్లగా ఫోను జేబులో పెట్టుకుని, నడుముకున్న తాళాల గుత్తి విప్పసాగాడు. మాటల్లో చెప్పకుండానే ఆయన కొలువు వదిలేస్తున్నాడని అందరికీ అర్థమైంది. పెద్దాయన మాత్రం, జెర ఆగు, ముందు మేడమ్‌ను చూడనీ అన్నాడు.

ఆ గది లోపలికి వెళ్లడం నాకదే మొదటిసారి. తలుపు వెనక గోడకు టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికి చిటికెన వేలంత యాంటెన్నా. ఒక దీపం ఎర్రగా వెలుగుతోంది. బొట్టు లేదు. నా సహోద్యోగి మూత తీసి లోపలి సిమ్ము చూశాడు. పెట్టె మీది నంబరు చూశాడు. నావైపు చూశాడు. అది పాత తరం సిగ్నల్‌తో తప్ప మాట్లాడలేని పెట్టె. గురువారం నుంచి దానికి గొంతు లేదు. సొంత సిమ్ము మీద నడుస్తుంది కాబట్టి కొట్టు నెట్‌వర్క్‌లో కనిపించలేదు, అంటే ఆయన ల్యాప్‌టాప్‌కు దొరకలేదు. నా బొట్ల లెక్కకూ దొరకలేదు.

ఆయన నన్ను మెట్ల కిందికి తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పాడు. “మేడమ్ గారూ, ఒక్క మాట వినండి. ఆ పెట్టె పెట్టింది ఏసీ వాళ్లు. సిమ్ము కూడా వాళ్లదే. మనకిచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. మన పరిధిలోది కాదని చెప్పొచ్చండి, అది అబద్ధం కూడా కాదు.”

నిజంగానే అబద్ధం కాదు. పెట్టె పాతబడింది కాబట్టి ఫోన్ రాలేదని చెబితే చాచా బయటపడతాడు, మేమూ బయటపడతాం, తప్పు ఏసీ వాళ్ల మీదికి పోతుంది. నాకూ నచ్చింది ఆ మాట. ఒక నిమిషం సేపు బాగా నచ్చింది. అయితే కొడుకు వదిలేవాడు కాదని కూడా తెలుసు. మీరు అన్నీ చూశారు గదా, పాత పెట్టె ఉంటే మీకు కనపడదా, కనపడలేదంటే ఆ పెట్టె బాగానే ఉన్నట్టు, చాచాదే తప్పు అంటాడు. నా జాబితా సరైనదని నేను నిలబడినంతసేపూ చాచా మాట నిలబడదు.

చిన్నప్పుడు గుళ్లో చదువుతూ ఒకసారి నేను రెండు వరుసలు దాటేశాను. వింటున్నవాళ్లెవరూ గమనించలేదు. నాన్నగారు నా పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆపారు. వెనక్కి వెళ్లి, తప్పిపోయిందని పైకి చెప్పి, మళ్లీ అక్కడినుంచి చదవమన్నారు. విన్నవాళ్లకు తెలియకపోవడం నీ చదువును సరిచేయదమ్మా అన్నారు ఇంటికి వెళ్లేటప్పుడు. అప్పుడు పడిన సిగ్గు మెట్ల కింద మళ్లీ తగిలింది.

పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్లి నిలబడి చెప్పాను. చాచాకు ఫోన్ రాలేదు, వచ్చే అవకాశమే లేదు, గురువారం సిగ్నల్ పోయినప్పుడే ఆ పెట్టె నోరు పోయింది, అది నా జాబితాలో ఉండవలసింది, నేను రాయలేదు. ఎందుకు రాయలేదో కూడా చెప్పాను. బొట్ల సంగతంతా.

కొడుకు నావైపు తిరిగాడు. “అంటే బొట్టు లేకపోతే మీకు మిషన్ కనపడదా మేడమ్?”

కనపడదు అన్నాను. అది నిజం.

అప్పుడు పెద్దాయన మాట్లాడాడు. ఆ గదిలో బొట్టు పెట్టవద్దని తానే చెప్పాడట, చాచా కొలువులో చేరిన మొదటి దసరాకే. ఆయన గది, ఆయన నమాజు చేసుకునే చోటు, మన కుంకుమ అక్కడికి తీసుకుపోయి ఆయనను ఇబ్బంది పెట్టొద్దని. ప్రతి ఏడాదీ బొట్ల బదులు తలుపు దగ్గర మిఠాయి డబ్బా ఇచ్చి వస్తారు. “మర్యాదకే చేసిన గద, గిట్లయితదని ఎవలకెరుక” అన్నాడు.

నేను చాచా వైపు తిరిగి చేతులు జోడించాను. ఆయన క్షమించానని అనలేదు. ఆయన అన్న మాట ఇన్నేళ్లయినా నా చెవిలో ఉంది.

“ఆనాడు తలుపు దాకా వచ్చిన్రు మీరు. చూసిన నేను. ఐదు నిమిషాలు ఆగితే అయిపోతుండె మేడమ్, నేనే లోపలికి తోలుకపోయి చూపిస్తుంటి.”

కోపంగా అనలేదు. దుకాణానికి వచ్చిన మనిషికి దారి చెప్పినట్టు అన్నాడు. భక్తి పేరుతో నేను చూపిన గౌరవం నిజానికి ఆయనను దాటిపోవడమే అయిందని అప్పుడు తెలిసింది. నమాజు చేస్తున్న మనిషిని పలకరించకూడదు, సరే. వేచి ఉండకూడదని ఎవరన్నారు? గౌరవం కంటే ఆగడం కష్టం. నేను తేలికైనది ఎంచుకున్నాను.

తాళాల గుత్తి బల్ల మీద ఉంది. పెద్దాయన దాన్ని తీసుకుని తన చేత్తోనే చాచాకు అందించాడు. చాచా తీసుకోలేదు. కొడుకు ముందుకు వచ్చి, ఆసుపత్రులకు ఫోన్లు చేయాలి, పక్క ఊరి డిపోల నుంచి సరుకు తెప్పించాలి, ఏ డబ్బా ఎంత ఉందో చాచా చెప్పకపోతే ఎవరు చెబుతారు అన్నాడు. అది క్షమాపణ కాదు, కానీ దాని పక్కింటిదే. చాచా గుత్తి నడుముకు పెట్టుకుని లోపలికి వెళ్లాడు.

ఆ రోజంతా మేం కూడా అక్కడే ఉన్నాం. పాడైన మందులన్నీ వేరుచేసి పెట్టెల మీద ఎర్ర సున్నాలు చుట్టారు, నాశనం చేయడానికి. ఒక్క డబ్బా కూడా దొంగదారిన బయటికి పోలేదు. ఆ విషయంలో ఆ కొడుకును మెచ్చుకోవాలి. ఎక్కడెక్కడినుంచో సరుకు సాయంత్రానికి రావడం మొదలైంది. ఏ ఆసుపత్రీ ఖాళీ చేతులతో కూర్చోలేదని రాత్రికి కబురు అందింది. ఇది ఎవరి దయో నేను మీకు చెప్పనక్కరలేదు.

మా యజమానికి సంగతి చెబితే, మన పేరు పోయిందనుకున్నాడు. పోలేదు. పెద్దాయన ఒక షరతు మీద మమ్మల్ని ఉంచాడు. మళ్లీ మొదటినుంచి లెక్క తీయాలి, ఈసారి చాచా వెంట ఉండాలి. చాచా నన్ను మేడంతా తిప్పాడు. లిఫ్టులో ఇరుక్కుంటే నొక్కే మీట వెనక ఒక సిమ్ము, డాబా మీద నీళ్ల మోటారుకు ఒక సిమ్ము దొరికాయి. రెండిటికీ బొట్లున్నాయి. నేనే వాటిని ఇంటర్నెట్ వస్తువులు అనుకోలేదు. చాచా మీసాల్లో నవ్వుకున్నాడు. నా సహోద్యోగి మాత్రం ఊరుకోలేదు. “మేడమ్ గారూ, బొట్టు ఉన్నా కనపడట్లేదంటే ఇక కళ్లద్దాలేనండి.”

కొత్త పెట్టె రావడానికి నెల పైన పట్టింది. ఆ నెల ఆదివారాలు మళ్లీ తానే వస్తానన్నాడు చాచా. శనివారం కొట్టు మూసే వేళ కొడుకు ఆయన దగ్గరికి వచ్చి, నేలవైపు చూస్తూ, “ఐతారం మీరు రాకున్రి చాచా. నేను వస్తా” అన్నాడట. వచ్చాడు కూడా, ప్రతి ఆదివారం రెండు పూటలా, మండుటెండల్లో సైతం. ఈ మాట నాకు చెప్పింది చాచాయే.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కుంకుమ ఆడిట్ చేస్తూనే ఉన్నాను. మంచి పద్ధతే అది. కాకపోతే చివరి పేజీలో ఒక ప్రశ్న చేర్చాను. ఇక్కడ ఏ గదిలోకి నేను వెళ్లలేదు, ఎందుకు? ఆ జవాబు రాయడానికే ఎక్కువసేపు పట్టేది. మీరు ఇంకా కొత్త యంత్రాలతో, నాకు పేర్లు కూడా తెలియని దారులతో పని చేస్తారు. అవీ ఒకనాడు మూతపడతాయి. మూతపడేది ఎప్పుడో నోటీసులో ఉంటుంది. దానివల్ల ఎవరి మాట నమ్మకుండా పోతుందో నోటీసులో ఉండదు. అది మీరు మనుషుల దగ్గరికి వెళ్లి, అవసరమైతే ఐదు నిమిషాలు ఆగి, తెలుసుకోవలసిందే.

చాచా ఇప్పుడు ఇంటిపట్టునే ఉన్నాడని, మోకాళ్లు సహకరించడం లేదని విన్నాను. నన్ను గుర్తుపెట్టుకున్నాడో లేదో తెలియదు. నేను మాత్రం రోజూ ఆయనను తలచుకుంటాను.

ఇక్కడిదాకా చదివారు కదా, ఇంకొక్క నిమిషం నాతో ఉండండి. మీరు ఏ దిక్కుకు తిరిగి, ఏ పేరుతో పిలుస్తారో నాకు తెలియదు, అలాగే పిలవండి. ఆ పెద్దమనిషి మోకాళ్ల నొప్పి తగ్గాలని, మన చేతి తప్పుకు మాట పడుతూ ఈ పూట ఎక్కడో తల వంచుకుని నిలబడ్డవారి పక్షాన నిజం చెప్పే మనిషి ఒకరు లేవాలని, ఆ మనిషి మనమే కావలసి వస్తే గొంతు పెగలాలని నాతోపాటు అడగండి. ఆయన పేరు నేను రాయలేదు. వినేవాడికి తెలుసు.